వంపు మొదలైన తొలి నెలలు

పెయిరోనీస్ వ్యాధిలో పురుషాంగం లోపలి పొర మీద గట్టి మచ్చ కడుతుంది. దానివల్ల స్తంభన సమయంలో అంగం ఒక పక్కకు వంగుతుంది. ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీకి శస్త్రవైద్యుడైన ఫ్రాన్స్వా ద లా పెయిరోనీ 1743లో దీన్ని వివరించాడు. ఆయన పేరే వ్యాధికి స్థిరపడింది. ఇది క్యాన్సర్ కాదు, సుఖవ్యాధి కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకునేదీ కాదు. చిన్ననాటి అలవాట్లకు పడిన శిక్ష అంతకన్నా కాదు. ఎక్కువగా యాభై, అరవై ఏళ్ల వాళ్లలో కనిపించినా, ముప్ఫైల్లో ఉన్నవాళ్లకూ రావచ్చు.

అంగంలో రక్తం నిండే రెండు గొట్టాలను ట్యూనికా అల్బుజీనియా అనే పొర చుట్టి ఉంటుంది. సంభోగంలో అంగం మడతపడినప్పుడు ఈ పొరకు సన్నటి గాయాలవుతాయి. చాలామందికి అలాంటి దెబ్బ తగిలిన గుర్తే ఉండదు. కొందరి ఒంట్లో ఆ గాయం మానే క్రమం అదుపు తప్పి, అక్కడ కొల్లాజెన్ పేరుకుని మచ్చగా మిగిలిపోతుంది. బట్టలో ఒకచోట బిగుతుగా పడిన కుట్టు పక్క గుడ్డను లాగేసినట్టు, సాగని ఆ మచ్చ అంగాన్ని తన వైపు లాగుతుంది. మధుమేహం, పొగతాగడం, వయసు, వంశపారంపర్యం ఈ ముప్పును పెంచుతాయి. అరచేతిలో గట్టి తాడులాంటి కణజాలం ఏర్పడి ఉంగరపు వేలు, చిటికెన వేలు ముడుచుకుపోయే డుపుయిట్రెన్ జబ్బు కూడా కొందరిలో దీనితో కలిసి వస్తుంది. అందుకే అనుభవమున్న యూరాలజిస్టు రోగి అరచేతులు కూడా చూస్తాడు.

వ్యాధికి రెండు దశలున్నాయి. మొదటిది చురుకైన దశ. నొప్పి ఉంటుంది, వంపు నెలనెలా మారుతుంది. ఇది సాధారణంగా ఆరు నుంచి పద్దెనిమిది నెలలు సాగుతుంది. రెండోది స్థిరదశ. ఇందులో నొప్పి సద్దుమణుగుతుంది, వంపు ఒకచోట ఆగిపోతుంది. చికిత్స తీసుకోని రోగులను గమనించి 2006లో ప్రచురించిన ఒక అమెరికన్ అధ్యయనంలో సుమారు 12 శాతం మందికి వంపు తగ్గింది, 40 శాతం మందికి అలాగే ఉండిపోయింది, 48 శాతం మందికి పెరిగింది. నొప్పి మాత్రం పదిమందిలో దాదాపు తొమ్మిది మందికి తగ్గింది. అంటే నొప్పి పోయినంత మాత్రాన జబ్బు నయమైందని కాదు, నొప్పి ఉన్నంత మాత్రాన అది ఎప్పటికీ ఉండిపోతుందనీ కాదు.

తొలి నెలల్లో మనిషిని ఎక్కువగా భయపెట్టేవి పుస్తకంలో చెప్పినట్టు రాని లక్షణాలే. కొందరికి వంపు అసలు ఉండదు, నొప్పి ఒక్కటే ఉంటుంది. తెల్లవారుజామున నిద్రలో వచ్చే స్తంభనతో మెలకువ వచ్చేస్తుంది. కొందరికి ఒక పక్క నొక్కు పడుతుంది. అది చుట్టూ పడితే అంగం మధ్యలో సన్నబడి, అక్కడ కీలులా మడతపడుతుంది. కొందరికి మచ్చ దాటాక ముందు భాగం మెత్తగా ఉండిపోతుంది. పొడవు తగ్గినట్టు చాలామందికి అనిపిస్తుంది, అది భ్రమ కాదు. చర్మం కింద తగిలే గట్టి ముద్ద బియ్యపుగింజంత ఉండవచ్చు, కొందరిలో సున్నం పట్టి రాయిలానూ ఉండవచ్చు. ఇవన్నీ ఈ జబ్బుకు చెందినవే.

కొన్ని మాత్రం దీనికి చెందవు. సంభోగంలో టప్పున శబ్దం వచ్చి, స్తంభన వెంటనే పడిపోయి, అంగం నల్లగా కమిలి వాస్తే పొర చిట్లినట్టే. నాలుగు గంటలు దాటినా స్తంభన దిగకపోతే అదీ ప్రమాదమే. రెండింటికీ అదే రోజు, అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి. చర్మం మీద మానని పుండు, కురుపు ఉంటే దాన్ని వేరుగా చూపించాలి.

చురుకైన దశలో రోగి చేయగలిగిన మంచి పని ఓపికగా నమోదు చేసుకోవడం. నెలకోసారి, పూర్తి స్తంభనలో, పైనుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫొటో తీసుకుని, తేదీ రాసి, ఫోన్లో తాళం ఉన్న ఫోల్డర్లో దాచుకోవాలి. నొప్పికి సున్నా నుంచి పది వరకు అంకె వేసుకోవాలి. డాక్టరు ముందు మాట పెగలని మనిషికి ఆ ఫొటోలే సగం మాట చెబుతాయి. వంపు ఆగిందా, సాగుతోందా అన్నది తేల్చేదీ అవే. నొప్పికి మామూలు నొప్పి మాత్రలను డాక్టరు సలహాతో వాడవచ్చు. షుగరును అదుపులో పెట్టాలి, సిగరెట్టు మానాలి. అంగం మడతపడే భంగిమలు వదలాలి. చేత్తో బలవంతంగా సరిచేయబోతే కొత్త గాయాలవుతాయి.

హైదరాబాద్ పాతబస్తీలో ఈ రోగి దారి తరచుగా గోడల మీది గుప్తరోగాల ప్రకటనలతో, రోడ్డు పక్క ‘ఖాందానీ’ దవాఖానాల డేరాలతో మొదలవుతుంది. లైంగిక శక్తి పెంచుతామని మందులకు ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి కేంద్ర చట్టం నిషేధించింది, అయినా అవి ఆగలేదు. ఊరూపేరూ లేని కుష్తాల్లో, అంటే లోహ భస్మాల్లో, పాదరసం, సీసం ఉండవచ్చు. మూలికల పేరుతో అమ్మే పొడుల్లో స్తంభనకు వాడే సిల్డెనాఫిల్ మందు కలిసే ప్రమాదం ఉంది. గుండెకు నైట్రేట్ మాత్రలు వాడేవారికి ఆ కలయిక ప్రాణాంతకం. చార్మినార్ దగ్గరి ప్రభుత్వ యునానీ ఆసుపత్రికి అలవాటుపడినవారు అక్కడి హకీమ్‌కు ఈ గడ్డ సంగతి దాచకుండా చెప్పాలి, యూరాలజిస్టుకూ చూపించుకోవాలి. నయాపూల్ దాటితే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా దవాఖానా ఉంది, అక్కడ యూరాలజీ విభాగం ఉంది. పంజాగుట్ట నిమ్స్‌లోనూ ఉంది. ఓపీ చీటీ దగ్గర ‘మూత్ర సంబంధమైన సమస్య’ అంటే చాలు, మిగతాది డాక్టరు గదిలో చెప్పుకోవచ్చు.

ఈ జబ్బు మనసునూ కుంగదీస్తుంది. నిద్ర పట్టకపోవడం, భార్యకు దూరంగా పడుకోవడం, చనిపోవాలన్న ఆలోచన వంటివి ఉంటే అదీ చికిత్స అవసరమైన లక్షణమే. కారణం తెలియని భార్య ఆ దూరాన్ని తన మీద అయిష్టం అనుకుంటుంది. కాబట్టి జబ్బు పేరు, నొప్పి సంగతి ఆమెకు చెప్పడం వైద్యంలో భాగం. డాక్టరు దగ్గరకు ఇద్దరూ వెళితే మరీ మంచిది.

చికిత్సకు క్రమం ఉంది. విటమిన్ ఇ, టామాక్సిఫెన్ మాత్రలు పనిచేయవని అమెరికన్ యూరలాజికల్ అసోసియేషన్ 2015 మార్గదర్శకాలు తేల్చాయి. షాక్‌వేవ్ చికిత్స నొప్పిని తగ్గించవచ్చు గానీ వంపును సరిచేయదు. మచ్చలోకి ఇచ్చే ఇంజెక్షన్లు, లాగి పట్టే ట్రాక్షన్ పరికరాలు కొందరికి ఉపయోగపడతాయి. ఆపరేషన్ మాత్రం వంపు కొన్ని నెలలు కదలకుండా నిలిచాకే చేస్తారు. మారుతున్న వంపును కోసి సరిచేస్తే అది మళ్లీ వంగవచ్చు. స్తంభన బాగుంటే కుట్లతో, వంపు ఎక్కువగా ఉంటే అతుకు వేసి సరిచేస్తారు. మందులకు లొంగని స్తంభన లోపం కూడా తోడైతే ఇంప్లాంట్ అమరుస్తారు. సంభోగానికి అడ్డురాని, నొప్పి లేని చిన్న వంపుకు ఏ చికిత్సా అవసరం లేదు.