పాలు చాలవనెడి మాట

బిడ్డ పుట్టిన యింట మొట్టమొదట పుట్టెడి అనుమానము పాలను గూర్చినది. “పాలు పడలేదమ్మా, పొల్లగాడు ఏడుస్తనే ఉన్నడు” అని మా జహీరాబాదులో ఏ వాడకట్టున విన్నను అదే మాట. తల్లి అనుటకు పూర్వమే అత్తయో, పొరుగింటి పెద్దమ్మయో అనెదరు. తొలినాటి శిశువు కడుపు ఒక చెంచాడు ముర్రుపాలకే నిండునని, చిక్కని ఆ పసుపువన్నె పాలే రోగములనుండి వానికి రక్షయని, పాలు సమృద్ధిగా దిగుటకు రెండు మూడు దినములు పట్టుట సహజమని యెరుగక, ముర్రును పిండి పారబోసి, తేనె నాకించి, పిమ్మట సీసా తెచ్చెడి యిండ్లు ఇంకను కలవు.

ఈ మాట అబద్ధముగా పుట్టి నిజమగును. బిడ్డ ఎంత చీకిన పాలు అంత ఊరును, సీసాతో కడుపు నిండినవాడు రొమ్ము చీకడు, చీకని రొమ్ములో ఊట తగ్గును, అంతట పెద్దమ్మ “నేను చెప్పలేదా?” అనును. 1992లో పార్లమెంటు చట్టము చేసి డబ్బాపాల ప్రకటనలను నిషేధించినది గాని, పొరుగువారి నోటి ప్రకటనకు ఏ చట్టమును అడ్డురాలేదు.

చనుమొన పగిలి, బిడ్డను దరికి తీసిన ప్రతిసారియు మా మేనకోడలు పండ్లు బిగించుచుండగా, తలకొక వైద్యము చెప్పినవారే గాని, బిడ్డ రొమ్ము నెట్లు పట్టుచున్నాడో వంగి చూచినవారు లేరైరి, తుదకు ఆశా కార్యకర్త వచ్చి, తల్లి చిటికెనవ్రేలిని శిశువు నోటి మూలకు చొనిపించి, పట్టు విడిపించి, కడుపునకు కడుపు తగులునట్లు వానిని త్రిప్పి, నోరు పెద్దగా తెరచిన క్షణమున రొమ్మునకు చేర్పించి, “మొన ఒక్కటే కాదమ్మా, సుట్టు నల్లటిది గూడ నోట్ల పోవాలె, గదుమ రొమ్ముకు ఆనాలె” అనెను. సేద్యపు విద్యను 2008 నుండి మాచ్‌నూరు సంఘం రేడియోలో తమ నోటనే చెప్పుకొనుచున్న స్త్రీలు గల సీమ యిది. బిడ్డకు రొమ్ము పట్టించెడి విద్యయు నట్లు చెప్పదగినదే.

బాలింతకు దాహమైనను నీరియ్యరాదనెడి పథ్యమును విధించినవారు ఎన్నడును పాలిచ్చి యుండరని నా అనుమానము. రొమ్ము గడ్డకట్టి, ఎర్రబారి, జ్వరము వచ్చినచో వైద్యుని చూడవలెను. అప్పుడును పాలిచ్చుట మానరాదు. నిజముగా పాలు చాలని తల్లులు లేరని కాదు. నెలలు నిండని శిశువులకై హైదరాబాదు నిలోఫరు ఆసుపత్రిలో ధాత్రి తల్లిపాల నిధియే కలదు. అయితే చాలునో చాలదో తేల్చునది ఏడుపు కాదు. మొదటి వారము గడచిన పిమ్మట దినమునకు ఆరు గుడ్డలకు తక్కువ గాక తడిసి, తూకము పెరుగుచున్నచో, పెద్దమ్మ ఏమన్నను పాలు చాలుచున్నట్లే.