పాట పేరు చెప్పే స్టేషన్లు

శాన్ ఫ్రాన్సిస్కో తీరాన్ని పొగమంచు కమ్మేసినప్పుడు ఓడలకు దారి తెలియడానికి ఒక పెద్ద బూర మోగిస్తారు. ఫాగ్‌హార్న్ అంటారు దాన్ని. ఆ బొంగురు మోతనే తన గుర్తుగా పెట్టుకున్న రేడియో స్టేషన్ ఒకటి ఇక్కడ ఉండేది. కేఫాగ్, 104.5 ఎఫ్ఎం. విజయవాడ నుంచి వచ్చిన కొత్తలో నేను కొన్న పాత కారులో క్యాసెట్ ప్లేయర్ పాడైపోయి ఉంది, రేడియో ఒక్కటే పనిచేసేది. మీట తిప్పుతుంటే ఆ బూర మోత వినపడి చెయ్యి ఆగిపోయింది. తర్వాత ఇరవై ఏళ్ల పైచిలుకు అక్కడే ఉంది.

రోజూ పొద్దున పదింటికి డేవ్ మోరీ అనే ఆయన 'టెన్ ఎట్ టెన్' కార్యక్రమం చేసేవాడు. ఏదో ఒక సంవత్సరం తీసుకుని అందులోంచి పది పాటలు వేయడం. వినడానికి ఇంతే. కానీ ఆ పది పాటల మధ్య ఆయన ఏం పేర్చేవాడో వినాలి! ఆ ఏటి వార్తల తునకలు, టీవీ ప్రకటనలు, సినిమాల్లో మాటలు, నాయకుల ప్రసంగాల్లోంచి ఒక్కో ముక్క. వియత్నాం వార్త చదువుతున్న గొంతు ఇంకా ఆగకముందే దాని అడుగు నుంచి గిటారు లేచేది. ఆ వార్తా ఆ పాటా ఒకే గాలి పీల్చి పుట్టాయని అప్పుడు తెలిసేది. నేను పుట్టని దేశంలో, నాకు ఊహ తెలియని సంవత్సరాలు ఆయన పుణ్యమా అని నా సొంతమయ్యాయి. పదో పాట అయ్యేదాకా ఆఫీసు పార్కింగ్‌లోనే కూర్చున్న రోజులకు లెక్క లేదు. 2008 చివర్లో ఆయన రిటైరయ్యాడు. ఆ పని అంత నైపుణ్యంతో చేసిన మనిషిని నేను మళ్లీ వినలేదు.

ఈ తరహా స్టేషన్లను అమెరికాలో 'ట్రిపుల్ ఏ' అంటారు. అడల్ట్ ఆల్బమ్ ఆల్టర్నేటివ్. అడల్ట్ అంటే టీనేజీ హడావుడి దాటి చెవి కుదురుకున్న శ్రోతలు. ఆల్బమ్ అంటే అందరూ వేసే హిట్ ఒక్కటే కాకుండా ఆ రికార్డులో ఐదోదో ఏడోదో అయిన పాట కూడా. మూడో మాటకు ఎవరి అర్థం వారిది. చరిత్ర చెప్పమంటే 1967లో ఇదే శాన్ ఫ్రాన్సిస్కోలో టామ్ డొనాహ్యూ కేఎంపీఎక్స్ స్టేషన్‌లో తనకు నచ్చిన రికార్డులు తనకు నచ్చిన వరుసలో వేయడం మొదలుపెట్టాడు, ఆ విత్తనమే తర్వాత ఇలా మొలిచింది. పేరు మాత్రం తొంభైల్లో స్థిరపడింది.

చెప్పాల్సిన అసలు సంగతి పని గురించి. పాట నుంచి పాటలోకి దాటే చోటును సెగ్వే అంటారు. మామూలు స్టేషన్‌లో ఆ చోట ఒక జింగిల్ పడుతుంది, లేదా కారు ప్రకటన. ట్రిపుల్ ఏలో చెయ్యి తిరిగినవాళ్లు తమ విద్యంతా అక్కడే చూపిస్తారు. మొదటి పాట మెల్లగా సన్నగిల్లి పోతుందా, టక్కున తెగుతుందా? రెండోదానికి ముందు సంగీతం ఎన్ని సెకన్లు ఉంది? శ్రుతి కలుస్తుందా, లేక శ్రుతి మారడమే చెవికి ఉపశమనంగా ఉంటుందా? మన కచేరీల్లో పెద్ద విద్వాంసులు విస్తారంగా తోడి పాడాక వెంటనే ఇంకో బరువైన రాగం ఎత్తుకోరు, చురుకైన చిన్న కృతి ఒకటి పాడి సభను తేలిక పరుస్తారు. ఆ తెలివే ఇక్కడా కావాలి. తేడా ఏమిటంటే రేడియో అనౌన్సర్‌కి సభ కనపడదు.

ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక రాత్రి హైవే మీద వస్తుంటే బానీ రైట్ పాట వచ్చింది. ఆవిడ స్లైడ్ గిటారు వాయిస్తుంది, వేలికి తొడిగిన గాజు గొట్టాన్ని తీగల మీద జారుస్తూ. పాట అయ్యీ అవకముందే 'లిటిల్ ఫీట్' బృందం అందుకుంది. అందులోనూ స్లైడే, లోవెల్ జార్జ్ చేతిది. అప్పటికే ఏదో జరుగుతోందని అనిపించింది. అది అయ్యాక ఒక క్షణం ఏమీ లేదు. ఆ నిశ్శబ్దంలోంచి రై కూడర్ గిటారు, దాని పక్కనే విశ్వమోహన్ భట్ మోహన వీణ. 1993లో వచ్చిన 'ఎ మీటింగ్ బై ద రివర్' ఆల్బమ్‌లో మొదటిది, దాదాపు పది నిమిషాల వాద్య సంభాషణ. పల్లెటూరి బ్లూస్‌లో జారిన స్వరమే మన మీండులో జారింది, సరస్వతి వీణ మీద చిట్టిబాబు గారి గమకాలు విని పెరిగిన నా చెవికి కాలిఫోర్నియా రోడ్డు మీద ఇంటి గుమ్మం కనిపించింది. అనౌన్సర్ మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. మూడూ అయిపోయాక పేర్లు చెప్పాడు: ఎవరు వాయించారు, ఏ ఆల్బమ్, ఏ సంవత్సరం. 'ఇవన్నీ స్లైడ్ పాటలు, గమనించారా' అని పాఠం చెప్పలేదు. గమనించేవాళ్లు వింటున్నారన్న నమ్మకం అతనిది. ఆ నమ్మకానికి నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను.

పేర్లు చెప్పడం చిన్న విషయం అనుకునేవాళ్లకు నా మాట ఒకటే. ఆకాశవాణి విజయవాడ కేంద్రం, వివిధ భారతి జనరంజని వింటూ పెరిగినవాళ్లు ఒక్కసారి గుర్తు చేసుకోండి. పాటకు ముందు చిత్రం పేరు, పాడినవారు, రాసినవారు, స్వరపరచినవారు. ఆ నాలుగు పేర్లు చెప్పకుండా పాట వేయడం మర్యాద కాదని ఆ అనౌన్సర్లకు తెలుసు. ఆరుద్ర ఎవరో, సాలూరి రాజేశ్వరరావు ఎవరో నాకు బడిలో ఎవరూ చెప్పలేదు, ఆ గొంతులు చెప్పాయి. ఈ రోజు మన ఊళ్లలో ప్రైవేటు ఎఫ్ఎం పెట్టి రోజంతా వినండి, ఒక్క గీత రచయిత పేరు వినపడితే అదృష్టం. పాటను సగంలో కోసి దాని మీద కేకలు, ఫోన్లో ఎవరినో ఏడిపించడం, మళ్లీ అదే పాట. ఇంకో భాషలో, ఇంకో ఖండంలో ఆ పాత మర్యాద బతికి ఉండటం నన్ను కేఫాగ్‌కి కట్టిపడేసిన మొదటి సంగతి.

ఈ విద్యలో ఘనులు చాలామంది. షికాగో ఎక్స్‌ఆర్‌టీలో టెర్రీ హెమర్ట్ 1973లో చేరింది, 1981లో ఆ నగరంలో పొద్దుటి కార్యక్రమం నడిపిన మొదటి స్త్రీ అయింది. అదే స్టేషన్‌లో లిన్ బ్రెమర్ శ్రోతలు రాసి పంపే ప్రశ్నలకు చిన్న చిన్న వ్యాసాలుగా జవాబులు చదివేవాడు. మధ్యలో పాటల ముక్కలు, జోకులు, ఉన్నట్టుండి గొంతు తడి. ప్రశ్న ఎంత సాదాదైనా, చెత్త గురించైనా, బేస్‌బాల్ గురించైనా, ఆయన దాన్ని బతకడం ఎంత గొప్పో అనే మాట దాకా తీసుకెళ్లేవాడు. 2023 జనవరిలో ఆయన పోయినప్పుడు షికాగోలో ఉన్న మా బాబాయి కొడుకు ఫోన్ చేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. రేడియోలో గొంతు కోసం ఏడ్చిన మనుషులను నేను అంతకు ముందు మన దగ్గరే చూశాను.

సియాటిల్ కేఈఎక్స్‌పీ వాళ్లు 2015 జూలైలో చేసిన పని చెబితే నమ్మబుద్ధి కాదు. బీస్టీ బాయ్స్ 1989 ఆల్బమ్ 'పాల్స్ బొటీక్' నిండా పాత రికార్డుల్లోంచి తీసిన తునకలే. ఆ తునకలు ఏయే పాటల్లోవో వెతికి, ఆల్బమ్ వరుసలోనే అసలు పాటలన్నీ వేసుకుంటూ పోయారు. ముప్పావు గంట పై చిల్లర ఆల్బమ్ విప్పడానికి పన్నెండు గంటలు పట్టింది! ఏ కంప్యూటరుకూ ఇలాంటి కోరిక పుట్టదు. 2016 ఏప్రిల్‌లో ప్రిన్స్ చనిపోయిన రోజు ఆయన సొంత గడ్డ మీది 'ద కరెంట్' స్టేషన్ మిగతావన్నీ పక్కన పెట్టి ఆయన పాటలే వేస్తూ పోయింది. ఊరు ఊరంతా ఒకే ఇంట్లో కూర్చున్నట్టు విన్నారు. ఫిలడెల్ఫియా డబ్ల్యూఎక్స్‌పీఎన్ నుంచి డేవిడ్ డై 1991లో మొదలుపెట్టిన 'వరల్డ్ కెఫే' దేశమంతా వినపడుతుంది. అడగాల్సిన ప్రశ్న అడిగి, పాటగాడు చెప్పేదాకా నోరు మూసుకోవడం ఆయన దగ్గర నేర్చుకోవాలి. కొలరాడోలో బౌల్డర్ కేబీసీవో తన చిన్న స్టూడియో సీలో 1988 నుంచి వచ్చినవాళ్లందరి చేతా ప్రత్యక్షంగా పాడించి, ఏటా ఆ రికార్డింగుల సీడీ వేసి, ఆ డబ్బు ఎయిడ్స్ బాధితులకూ అన్నదానానికీ ఇస్తోంది. ఇంత చెప్పినా నా ఓటు మాత్రం కేఫాగ్‌కే. ఫిలడెల్ఫియా స్నేహితులు ఈ మాట దగ్గర నాతో గొడవ పడతారు, పడనివ్వండి.

వాట్సన్‌విల్ దగ్గర ఫ్రీడమ్ అనే చిన్న ఊళ్లో కేపిగ్ ఉంది, 107.5. పేరుకు తగ్గట్టు మధ్య మధ్య పంది గురగురలు వినిపిస్తారు. లారా ఎలెన్ హాపర్ అనే ఆవిడ, 2007లో పోయేదాకా, దాన్ని తల్లిలా కాచింది. అక్కడ వేసే పాటను అనౌన్సరే ఎంచుకుంటాడు, పైవాడి జాబితా ఉండదు. 1995లోనే ఇంటర్నెట్‌లోకి ఎక్కిన తొలి వ్యాపార స్టేషన్లలో అది ఒకటి. దాన్ని నెట్‌లో పెట్టిన బిల్ గోల్డ్‌స్మిత్, ఆయన భార్య రెబెక్కా కలిసి 2000లో ఇంట్లోంచే 'రేడియో పారడైజ్' మొదలుపెట్టారు. ప్రకటన ఒక్కటి ఉండదు, వినేవాళ్లు ఇచ్చిన డబ్బుతోనే నడుస్తుంది. విజయవాడలో మా అక్క ఇప్పుడు వంట చేసుకుంటూ అదే వింటోంది.

ఇక మంట పుట్టించే సంగతి. 1996లో అమెరికా కొత్త చట్టం చేసి ఒక కంపెనీ దేశం మొత్తం మీద ఇన్ని స్టేషన్లే కొనాలన్న హద్దు తీసేసింది. కొన్నేళ్లలో ఒక్క కంపెనీ చేతిలో 1200 స్టేషన్లు! చాలావాటికి ఒకే ఆఫీసులో తయారైన జాబితా. పాటలు తెలిసిన మనుషులను తీసేసి, ఎక్కడో కూర్చున్న ఒకడి చేత నాలుగు ఊళ్ల కోసం ముందే మాటలు రికార్డు చేయించారు. వాడికి ఇక్కడ వాన పడుతోందో ఎండ కాస్తోందో తెలియదు. పైన మాత్రం మేం లోకల్ అనే బోర్డు. కేఫాగ్‌ని కూడా దాని యజమానులు ముందు కొత్త రంగులు వేసి పాడు చేశారు, తెలిసిన గొంతులను ఒక్కొక్కటిగా పంపించేశారు. చివరికి 2019 సెప్టెంబరులో, 37 ఏళ్ల తర్వాత, ఆ ఫ్రీక్వెన్సీని ఒక స్పోర్ట్స్ స్టేషన్‌కి నకలుగా మార్చేశారు. మర్నాడు పొద్దున కారు ఎక్కి అలవాటుగా మీట నొక్కాను. ఎవరో ఫుట్‌బాల్ గురించి అరుస్తున్నాడు. ఒక్క నిమిషం కారు ఎక్కడో వేరే ఊళ్లో ఉందనుకున్నాను.

ఇప్పుడు ఫోన్లో యాప్ ఒకటి నా కోసం పాటలు ఎంపిక చేశానంటుంది. ఈ మధ్య దానికి గొంతు కూడా పెట్టారు, పేరు పెట్టి పలకరిస్తుంది. నిన్న నాకు నచ్చినదానికి దగ్గరగా ఉన్నదే ఈ రోజు ఇస్తుంది, రేపూ అదే. బానీ రైట్ తర్వాత బానీ రైట్ లాంటి ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. ఆ గొట్టం వెంట విశ్వమోహన్ భట్ దాకా అది ఎన్నటికీ వెళ్లదు, ఎందుకంటే ఆ దారిలో ఎవరూ ఎప్పుడూ నడిచిన గుర్తులు దాని లెక్కల్లో లేవు. దీన్ని రేడియో అని పిలవడం నాకు ఒళ్లు మండిస్తుంది. పట్టు అని చెప్పి నైలాను చీర అమ్మినట్టు ఉంటుంది.

అయితే వినేవాళ్లు తలుచుకుంటే ఏమవుతుందో మార్తాస్ వినియార్డ్ దీవి చూపించింది. 2012లో వాళ్ల ఎంవీవై స్టేషన్ ఫ్రీక్వెన్సీని అమ్మేశారు. శ్రోతలు రెండు నెలల్లో 6 లక్షల డాలర్లు పోగు చేసి దాన్ని ముందు నెట్‌లో బతికించారు, 2014లో 88.7 మీద మళ్లీ గాలిలోకి తెచ్చారు. 2025 జూలైలో అమెరికా ప్రభుత్వం పబ్లిక్ రేడియో, టీవీలకు ఇవ్వాల్సిన 110 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకుంది. ఈ తరహా స్టేషన్లలో ఇప్పుడు మిగిలిన మంచివి చాలావరకు యూనివర్సిటీల, శ్రోతల చందాల మీద నడిచేవే. ఆ దెబ్బ వాటికి ఎంత తగులుతుందో అందులో పనిచేసేవాళ్లను అడగాలి. అందుకే ఇక్కడున్న తెలుగువాళ్లను చేతులు జోడించి అడుగుతున్నాను. గుడికి ఇస్తారు, సంఘానికి ఇస్తారు, కూచిపూడి క్లాసుకు ఇస్తారు. రోజూ రెండు గంటలు కారులో తోడుగా ఉండే స్టేషన్‌కి నెలకు పది డాలర్లు ఇవ్వండి. మన ఊళ్లో ఉన్నవాళ్లు ఎఫ్ఎం స్టేషన్లకు ఉత్తరం రాయండి, పాట రాసినవారి పేరు చెప్పమని అడగండి. ఏం పోతుంది?

2024 మార్చిలో కేఈఎక్స్‌పీ సియాటిల్ దాటి మా దగ్గరికీ వచ్చింది, 92.7 మీద. నాకు సియాటిల్ అంటే మొదటి నుంచీ కొంచెం గుర్రు, వాళ్లు మన బూర మోత మోగించలేరు కదా. మొదటి వారం నేను పెట్టనే లేదు. రెండో వారం ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయి విసుగొచ్చి పెట్టాను. ఒక పాట, దాని వెనకే మాలి దేశం నుంచి ఒక గిటారు, ఆ తర్వాత నేను ఎన్నడూ వినని ఒక అమ్మాయి గొంతు. మూడూ అయ్యాక పేర్లు చెబుతున్నప్పుడు సిగ్నల్ పచ్చగా మారింది, వెనక కార్లు హారన్ కొట్టాయి. ఆ అమ్మాయి పేరు సగమే వినపడింది.