ఫొటో అడగని దానం

మదనపల్లెలోనో పుంగనూరులోనో కుప్పంలోనో ఒక పదిమంది కలిసి, నెలకు ఇంతని పక్కన పెట్టి ఆఫ్రికా పిల్లలకు పంపుదామనుకుంటే అందరికీ మొదట తోచేది ఒకటే మార్గం. ఒక బిడ్డను ఎంచుకోవడం, పేరూ ఫొటో తెప్పించుకోవడం, చదువు పూర్తయ్యేదాకా ఆ బిడ్డ పేరున డబ్బు పంపడం. మనసుకు దగ్గరగా ఉండే పద్ధతి అది. అయినా దాతల సంఘాలు దాన్ని వదులుకోవాలన్నది నా వాదన. ఆ డబ్బు బిడ్డ ఉండే ఊళ్ళో నిలబడి పనిచేసే బడికో, ఆసుపత్రికో, టీకాలూ దోమతెరలూ చేరవేసే సంస్థకో వెళ్ళాలి. ఏటేటా తప్పకుండా వెళ్ళాలి. దాన్ని దేనికి ఖర్చు పెట్టాలో అక్కడివాళ్ళే తేల్చుకోవాలి. ఈ మాట అనడానికి మన ప్రాంతానికి గట్టి ఆధారమే ఉంది. వందేళ్ళ కిందట, ఎక్కడో సముద్రాల అవతల చిన్న చిన్న బృందాలుగా కూర్చున్నవాళ్ళు చిల్లర కూడబెట్టి పంపితే అందుకున్న చోటు ఇది. దూరం నుంచి వచ్చిన దానంలో ఏది నిలిచిందో, ఏది నిలవలేదో ఇక్కడ చూసి చెప్పవచ్చు.

అమెరికాలోని రిఫార్మ్‌డ్ చర్చి నడిపిన ఆర్కాట్ మిషన్ తరఫున జేకబ్ చాంబర్లిన్ 1863లో మదనపల్లెకు వచ్చాడు. 1875లో ఆ చర్చి స్త్రీలు విదేశీ మిషన్ల కోసం సొంతంగా ఒక మండలి పెట్టుకున్నారు. ఊరూరా చర్చిల్లో ఆడవాళ్ళు బృందాలుగా చేరి వేసిన డబ్బు ఆ మండలి ద్వారా ఇక్కడి ఆడపిల్లల బడులకూ ఆసుపత్రులకూ వచ్చేది. మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి 1911లో తెరిచారు. ఆ మరుసటేడే వేర్వేరు దేశాల మిషన్ సంఘాలు చేయి కలిపి క్షయ రోగుల కోసం శానటోరియం మొదలుపెట్టాయి. డెన్మార్క్ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ చేతుల మీదుగా అది ఆరోగ్యవరంగా పెరిగింది. ఫలానా అమ్మాయి చదువుకు అని పేరు పెట్టి డబ్బు పంపే అలవాటు ఆ కాలపు మిషన్లలోనూ ఉండేది. అలా చదివిన అమ్మాయిలు బాగుపడి ఉంటారు, సందేహం లేదు. కానీ తర్వాతి తరాలకు అందినవి ఆ ఆసుపత్రి వార్డులు, అక్కడ పని నేర్చుకున్న డాక్టర్లూ నర్సులూ, క్షయను గురించి పోగుపడిన జ్ఞానం. పి.వి. బెంజమిన్ ఆ శానటోరియం బాధ్యత చూసి, తర్వాత భారత ప్రభుత్వానికే క్షయ సలహాదారు అయ్యాడు. మన దేశంలో 1948లో బీసీజీ టీకా మొదలైన తొలి చోట్లలో మదనపల్లె ఒకటి. యూనిసెఫ్, స్కాండినేవియా దేశాల సంస్థలు కలిసి నడిపిన ఆ ప్రచారమే అదే కాలంలో ఈజిప్టు, మొరాకో, ట్యునీషియా పిల్లలకూ టీకాలు వేసింది. మదనపల్లె బిడ్డ, ట్యునీషియా బిడ్డ ఒకే దానం కింద చేయి చాపారన్నమాట. ఆ బిడ్డల ఫొటోలు డెన్మార్క్‌లో ఎవరి గోడ మీదా ఉండాల్సిన అవసరం రాలేదు.

అంత వెనక్కి పోనక్కర్లేదనుకుంటే పక్కనున్న అనంతపురాన్ని చూడండి. విసెంటె ఫెర్రర్ 1969లో అక్కడికి వచ్చి పెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్‌డీటీ)కి స్పెయిన్‌లో లక్షకు పైగా దాతలున్నారు. వాళ్ళలో చాలామంది ఒక్కొక్క బిడ్డ పేరున నెలనెలా పంపేవాళ్ళే. పైకి చూస్తే నేను వద్దంటున్న పద్ధతే ఇది. లోపల నడిచే తీరు వేరు. ఆ డబ్బు ఒక బిడ్డ చేతికో ఒక ఇంటికో పోదు. ఊరంతటికీ కలిపి బడికి, వైద్యానికి, ఇళ్ళకు, నీటికి ఖర్చవుతుంది. ఆ సంస్థ నడిపే బత్తలపల్లి ఆసుపత్రి అలాంటి ఉమ్మడి సొమ్ము లేకుండా లేచేది కాదు. బిడ్డ పేరు దాతను కట్టిపడేసే దారం మాత్రమే, పని జరిగేది సంస్థ వల్ల. అలాంటప్పుడు ఆ దారం అవసరమా అన్నదే అసలు ప్రశ్న. ఒకే వీధిలో ఒక పిల్లకు ఉత్తరమూ పండగ కానుకా వచ్చి, పక్కింటి పిల్లకు రాకపోతే ఆ ఇద్దరి మధ్య ఏం మొలుస్తుందో ఇద్దరు పిల్లలున్న ఏ తల్లిని అడిగినా చెబుతుంది.

దీనికి ఎదురుగా నిలిచే గట్టి ఆధారం ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. బ్రూస్ విడిక్, ఆయన సహచరులు 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. కంపాషన్ అనే సంస్థ ద్వారా దాతలు పేరు పెట్టి ఆదుకున్న పిల్లలు పెద్దయ్యాక ఎలా ఉన్నారో ఉగాండా, కెన్యా, భారత్ సహా ఆరు దేశాల్లో చూశారు. ఆ పిల్లలు మిగతావాళ్ళకంటే ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఎక్కువ చదివారని తేలింది. మంచి ఫలితమే. అయితే ఆ పిల్లలకు అందింది ఏమిటి? ఏళ్ళ తరబడి స్థానిక కేంద్రంలో ట్యూషన్లు, ఆరోగ్య పరీక్షలు, ఫీజులు, పట్టించుకునే పెద్దలు. అమెరికా నుంచి వచ్చే ఉత్తరం బిడ్డలో ఆశ పెంచుతుందని విడిక్ నమ్మకం. కావచ్చు. ఆ ఆశను రోజూ ఎదురుగా కనిపించే ఒక మంచి టీచరు కూడా పెంచగలదు. ఆ టీచరు జీతం ఆగకుండా చూడటం పదిమంది సంఘానికి సాధ్యమైన పని. మరొక సంగతి. అనాథ అన్న మాట మనవాళ్ళ చేత వెంటనే డబ్బు తీయిస్తుంది. కానీ యూనిసెఫ్ లెక్కలో తల్లిదండ్రుల్లో ఒకరు పోయినా ఆ బిడ్డ అనాథే. అంటే ఆఫ్రికాలో అనాథలని లెక్కకెక్కిన పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. అనాథాశ్రమం కట్టించే దానం ఆ బిడ్డను ఇంటి నుంచి లాగేసే ప్రమాదం ఉంది. రువాండా 2012 నుంచి ఆశ్రమాల్లోని పిల్లలను కుటుంబాలకు చేర్చే పని పెట్టుకుంది. అలాంటి దేశంలో మనం కొత్త ఆశ్రమానికి పునాదిరాయి వేయబోతే సాయం చేసినట్టు కాదు.

మరి దేనికి ఇవ్వాలి? మలేరియా మరణాల్లో దాదాపు 95 శాతం ఆఫ్రికాలోనే జరుగుతున్నాయి. అక్కడ చనిపోయేవారిలో నాలుగింట మూడొంతులు ఐదేళ్ళలోపు పిల్లలు. మందు పూసిన దోమతెర ఒకటి కొనడానికి రెండు డాలర్ల దరిదాపు అవుతుంది. మలేరియా క్రిమి దోమలో పెరుగుతుందని రోనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాదులో. ఇప్పుడు వచ్చిన మలేరియా టీకాల్లో ఒకదాని తయారీని హైదరాబాదు భారత్ బయోటెక్ అందుకుంది, ఇంకొకటి పుణేలో తయారవుతోంది. కెన్యాలోని బుసియా ప్రాంతంలో 1998 నుంచి 75 బడుల్లో పిల్లలకు నులిపురుగుల మందు ఇస్తే బడి మానడం నాలుగో వంతు తగ్గిందని మైకేల్ క్రెమర్, ఎడ్వర్డ్ మిగెల్ చూపించారు. ఆ మేలు ఎంత అన్నదాని మీద తర్వాత పండితులు గట్టిగానే వాదులాడుకున్నారు, అయినా ఖర్చు మరీ తక్కువ కాబట్టి ఆ పని ఇప్పటికీ విలువైనదేనని నేననుకుంటాను. ఇవన్నీ ఒక బిడ్డకు విడిగా చేయగలిగినవి కావు. బడి మొత్తానికి, ఊరు మొత్తానికి ఒకేసారి చేస్తేనే ఫలం.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు, కుప్పం కొండల్లో పిల్లలుండగా ఆఫ్రికా ఎందుకని అడిగేవాళ్ళుంటారు. న్యాయమైన ప్రశ్న. ఇక్కడి పిల్లలకు ఇవ్వడం ఎవరూ మానక్కర్లేదు. కానీ ఇక్కడ మధ్యాహ్న భోజనం పెట్టే ప్రభుత్వం ఉంది, తల్లి ఖాతాలో డబ్బు వేసే పథకం ఉంది, పెట్టకపోతే నిలదీసే ఓటు ఉంది. 2025లో అమెరికా తన యూఎస్ ఎయిడ్ సంస్థను మూసేసినప్పుడు ఆఫ్రికాలో అనేక చోట్ల ఆరోగ్య సేవలు దెబ్బతిన్నాయి, దానికి ఆ పిల్లల తల్లిదండ్రులు ఓటుతో జవాబు చెప్పే వీలు లేదు. పైగా ఆఫ్రికా మనకు అంత పరాయిదీ కాదు. 1860 నుంచి 1911 దాకా నాటల్ చెరకు తోటలకు కూలీలుగా ఓడలెక్కినవాళ్ళలో ఉత్తర ఆర్కాటు జిల్లావాళ్ళు చాలామంది. పుంగనూరు, కంగుంది జమీన్లు అప్పుడా జిల్లాలోవే. ఇక మిషన్లు మతం కోసం ఇచ్చాయి గదా అనే మాట. నిజమే, వాళ్ళ ఉద్దేశం దాచుకున్నది కాదు. అందుకే ఆ చరిత్ర నుంచి తీసుకోవాల్సింది రెండు వైపులా ఉంది. దానం సంస్థగా నిలిస్తే ఇచ్చినవాడి ఉద్దేశాన్ని దాటి బతుకుతుంది. ఇచ్చినవాడు షరతు పెడితే పుచ్చుకున్నవాడికి ఆ షరతు బరువు తరాల తరబడి గుర్తుంటుంది. కాబట్టి మన దేవుడి పేరు, మన పార్టీ పేరు, మన ఊరి పేరు ఏదీ ఆ బడి గోడ మీద కోరకూడదు.

ఇక నడిపే తీరు. దేశం బయటికి విరాళం పంపడానికి రిజర్వు బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా వ్యక్తులకు వీలుంది. సంఘాలకూ ట్రస్టులకూ ఆ పథకం వర్తించదు. ట్రస్టు పెట్టినా విదేశంలో చేసిన ఖర్చుకు ప్రత్యేక అనుమతి లేకుండా పన్ను మినహాయింపు రాదు. విదేశీ సంస్థకు ఇచ్చిన విరాళానికి ఆదాయపు పన్నులో రాయితీ ఉండదు. ఇది ఆటంకంలా కనిపిస్తుంది గానీ నా దృష్టిలో మేలే చేస్తుంది. సంఘం డబ్బు పోగేయనక్కర్లేదు, నిర్ణయం ఒక్కటే ఉమ్మడిగా తీసుకుంటే సరి. ఎవరి సొమ్ము వాళ్ళ ఆర్‌డీ ఖాతాలోనే నెలనెలా పడుతుంది. ఏడాది నిండాక అందరూ కూర్చుని తీర్మానం రాసుకుని, ఎవరి పాన్ మీద వాళ్ళు, ఒకే సంస్థకు, ఒకే వారంలో పంపుతారు. నెలనెలా పంపితే బ్యాంకు చార్జీలకే చాలా పోతుంది, ఏడాదికోసారి అయితే ఆ నష్టం తగ్గుతుంది. చీటీ మునిగి పరువులు పోయిన కథలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. ఇక్కడ పారిపోవడానికి ఎవరి దగ్గరా సొమ్ము ఉండదు. ఫొటో లేకపోతే సభ్యులు రెండేళ్ళలో జారిపోతారనే భయానికి కూడా జవాబు దగ్గర్లోనే ఉంది. సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత రోజుకో రూపాయి చొప్పున మొదలైన పొదుపు సంఘాలు ఎవరి ఫొటో చూసీ నిలబడలేదు. తప్పని మీటింగు, తీర్మానాల పుస్తకం, రానివాళ్ళను ఇంటికెళ్ళి పిలుచుకొచ్చే లీడరు, వీటి మీద నిలబడ్డాయి. ఆ మీటింగులో అక్కడి సంస్థ పంపిన ఆడిట్ లెక్కలు పైకి చదవాలి. ఎన్ని దోమతెరలు కొన్నారు, ఎన్ని పంచారు, జీతాలకు ఎంత పోయింది అని అడగాలి. జీతాలకు పోయినదాన్ని దుబారా అనుకోకూడదు. తెర మోసుకెళ్ళి మంచానికి కట్టించేది మనిషే.

మొత్తం ఎంత అన్నది చెడ్డ ఏటిని బట్టి పెట్టుకోవాలి. 2023 జులైలో మదనపల్లె యార్డులో టమాటా కిలో 150 దాటింది. అదే యార్డులో కోత కూలి కూడా రాక రైతు పంటను పారబోసిన ఏళ్ళూ ఉన్నాయి. ధర బాగున్న ఏడు ఉత్సాహంగా మాటిచ్చి తర్వాతి ఏడు తప్పితే, అవతల ఆ మాట నమ్మి టీచరును పెట్టుకున్న బడి ఆ టీచరును పంపేయాలి. 2025లో విదేశీ విరాళాల అనుమతి విషయంలో ఆర్‌డీటీకి చిక్కొచ్చినప్పుడు అనంతపురంలో జనం వీధుల్లోకి ఎందుకు వచ్చారో తెలిసినవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. అందుకని తక్కువకే ఒప్పుకోవాలి, మంచి ఏడు మిగిలింది ఖాతాలో నిల్వగా ఉంచుకోవాలి. ఎప్పుడైనా ఆపాల్సి వస్తే రెండేళ్ళ ముందే ఆ సంస్థకు ఉత్తరం రాయాలి, ఆ రెండేళ్ళూ ఒప్పుకున్నంత పంపాలి. ఈ గడువు మాట సంఘం మొదటి తీర్మానంలోనే ఉండాలి, అందరి సంతకాలూ దాని కిందే పడాలి.