ఎర్ర సిరా కోసం వదిలిన ఖాళీ

‘పెంటిమెంట్’లో ఎవరి గొంతూ వినబడదు. అబ్సీడియన్ స్టూడియో 2022 నవంబరులో విడుదల చేసిన ఈ వీడియో గేమ్‌లో మాటలన్నీ తెర మీద చేతిరాతగా పడతాయి. రైతు మాట ఒక రాతలో, చదువుకున్న సన్యాసి మాట ఇంకో రాతలో, అచ్చుపని చేసేవాళ్ళ మాట అచ్చక్షరాల్లో. అక్కడక్కడా అక్షరాలు తప్పు పడి, చెరిగి, మళ్ళీ సరిగ్గా వస్తాయి. దేవుడి పేరు రావాల్సిన చోట మాత్రం ముందు ఖాళీ ఉంటుంది. మిగతా వాక్యం నల్ల సిరాతో పూర్తయ్యాక ఆ పేరు ఎర్ర సిరాతో నిండుతుంది.

నేను పలాసవాణ్ణి. క్రైస్తవుణ్ణి, గేని. ఈ చివరి రెండు మాటలూ ఒకే వాక్యంలో పట్టవని చిన్నప్పట్నించీ విన్నాను. పట్టవన్న వాళ్ళలో చర్చి వాళ్ళూ ఉన్నారు, చర్చి మొహం చూడని హైదరాబాదు ఫ్రెండ్సూ ఉన్నారు. ఇద్దరికీ విశ్వాసం అంటే ఒకే పొర ఉన్న గోడ. దానికి జవాబు నాకు వేదాంత పుస్తకాల్లో కన్నా ఈ ఆటలో ఎక్కువ దొరికింది.

కథ 1518లో, బవేరియాలోని టాసింగ్ అనే కల్పిత ఊళ్ళో మొదలవుతుంది. మఠంలో బొమ్మలు వేసే ఆండ్రియాస్ మాలర్‌గా మనం ఆడతాం. ఒక ప్రభువు హత్యకి గురవుతాడు, ముసలి సన్యాసి మీద నింద పడుతుంది. ఆయన్ని కాపాడాలంటే ఇంకొకరి పేరు చెప్పాలి. ఆధారాలు చాలవు, టైమ్ చాలదు. చెప్పిన మనిషి ప్రాణం పోతుంది. అసలు హంతకుడు ఎవరో ఆట తేల్చి చెప్పదు. తెలిసీ తెలియకుండా తీర్పు చెప్పేసి, తర్వాత పాతికేళ్ళు అదే ఊరి మొహం చూడ్డం ఎలా ఉంటుందో ఇంతగా చూపించిన ఆట ఇంకోటి నేను ఆడలేదు.

(ఆడబోయేవాళ్ళు వచ్చే పేరా దాటేయొచ్చు.)

ఊరు కొలిచే ఇద్దరు పునీతుల వెనక రోమన్ల దేవతలు మార్స్, డయానా ఉన్నారని చివర్లో బయటపడుతుంది. ఆ సంగతి తెలిస్తే జనం విశ్వాసం కూలిపోతుందని భయపడిన మనిషే ఇన్ని చావుల వెనక ఉన్నాడు. ‘పెంటిమెంటో’ అంటే పై రంగు కింద కనబడే పాత గీత. కింద పాత గీత ఉన్నంత మాత్రాన పైబొమ్మ అబద్ధం అయిపోదని ఆట అంటుంది. దర్శకుడు జోష్ సాయర్ చరిత్ర చదువుకున్నవాడు. మతాన్ని వెక్కిరించే తేలిక దారి పట్టలేదు.

ఈ పొరలు మాకు కొత్త కాదు. శ్రీకాకుళం, పర్లాకిమిడి వైపు బతికిన పురుషోత్తమ చౌధరి (1803-1890) బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రీస్తు మీద కీర్తనలు కట్టాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఇవాళ్టికీ పాట పైన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. మా అమ్మకి ఆ రాగాల పేర్లతో సహా వచ్చు. కింద ఉన్న రాగం వల్ల ఆమె విశ్వాసం పలచబడలేదు.

మరి మాటల కింద ఉన్న పొరల్ని తడిమితే ఎందుకంత కంగారు? మన పాత తెలుగు బైబిల్లో, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఆరో అధ్యాయంలో, ‘ఆడంగితనము’ అనే మాట ఉంది. బడిలో నా వెనకాల వినబడ్డ తిట్టు కూడా ఆ మాటే. గ్రీకులో అక్కడున్నది ‘మలకోయ్’, అంటే మెత్తనివాళ్ళు. దాని పక్క మాటకి మనవాళ్ళు ‘పురుషసంయోగులు’ అన్నారు. లూథర్ జర్మన్ బైబిల్లో అది కుర్రాళ్ళని చెరిచేవాళ్ళు అయింది. ఇంతటితో వాదన తీరిపోదు. అనువాదం మారినంత మాత్రాన పౌలు అభిప్రాయం మారదని ఏ పాస్టరుగారైనా అనొచ్చు, అది కొట్టిపారేసే మాట కాదు. కానీ నన్ను తిట్టిన ఆ తెలుగు మాటని ఒక మనిషి కూర్చుని ఎంచుకున్నాడు. దాన్ని ఎర్ర సిరాతో రాయక్కర్లేదు.

ఆటతో నాకొక పేచీ ఉంది. మఠంలో ఇద్దరు సన్యాసుల మధ్య ప్రేమ ఉంది. అది మనకి తెలిసేది ఒక రహస్యంగా, కూపీ లాగితే దొరికే సమాచారంగా. ఆండ్రియాస్ పెళ్ళికి, దుఃఖానికి ఇచ్చినంత చోటు వాళ్ళకి లేదు. ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ 1533లో తెచ్చిన చట్టం ఈ కథ జరిగే రోజులదే. దాని వారసత్వమే 1860లో మన శిక్షాస్మృతిలో 377గా దిగింది. ఆ కాలంలో వాళ్ళు దాక్కోవడం చరిత్రకి న్యాయమే. అయినా దాక్కున్నవాళ్ళకీ ప్రార్థన ఉంటుంది కదా. ఆ ఇద్దరూ దేవుడితో ఏం మాట్లాడుకునేవాళ్ళో ఒక్క సన్నివేశం ఉంటే బాగుండేది.

చివరి భాగంలో అచ్చుపనివాడి కూతురు మాగ్డలీన్‌గా ఆడతాం. ఊరి చరిత్రని గోడ మీద బొమ్మగా వేయాలి, ఏం వేయాలో మనమే తేల్చాలి. అక్కడ ఆట ఆపి చాలాసేపు మా గోడ గురించి ఆలోచించాను. జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్ళు ఉంటారు. బొడ్డపాడు గుళ్ళో పూజారిగా ఉంటూ జముకుల కథ చెప్పి, 1969లో కాల్పుల్లో చనిపోయిన సుబ్బారావు పాణిగ్రాహి ఉంటాడు. తిత్లీకి పడిపోయిన ఉద్దానం కొబ్బరి చెట్లు ఉంటాయి. 2018లో ఆ తుఫాను అక్టోబరు 11న వచ్చింది. దానికి 35 రోజుల ముందు, సెప్టెంబరు 6న, 377 మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. మా చర్చిలో తుఫాను గురించి ప్రార్థన చేశారు. తీర్పు గురించి ఎవరూ నోరు విప్పలేదు.

నేనైతే ఆ గోడ మీద, వెనక బెంచీలో ఒకే కీర్తనల పుస్తకం పట్టుకున్న ఇద్దరు మగవాళ్ళని వేస్తాను. వేశాక ఊరు ఏమంటుందో వినడానికి అక్కడే నిలబడతాను. మాగ్డలీన్ కూడా గోడ పూర్తిచేశాకే ఊరు వదులుతుంది.