అరుగు కొలిచిన మనిషి

నగరం నడుమ కొంత జాగా ఖాళీగా వదిలితే జనం వస్తారా? వస్తే ఎందుకు వస్తారు, రాకపోతే ఎందుకు రారు? పట్టణ ప్రణాళికలు గీసేవాళ్ల దగ్గర ఈ ప్రశ్నకు జవాబులు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి. ఆ జవాబులను పక్కనపెట్టి, స్వయంగా వెళ్లి చూసి, తలలు లెక్కపెట్టి వచ్చినవాడు విలియమ్ హెచ్. వైట్. 1980లో వచ్చిన ఆయన పుస్తకం ‘ది సోషల్ లైఫ్ ఆఫ్ స్మాల్ అర్బన్ స్పేసెస్’ పట్టుమని నూట యాభై పేజీలు లేదు. అదే పేరుతో తీసిన డాక్యుమెంటరీ గంటలోపే అయిపోతుంది. నగరాన్ని అందరికీ పనికొచ్చేలా చేయాలంటే ముందు అందులో మనుషులు ఎలా మసలుతున్నారో చూడడం నేర్చుకోవాలి. ఆ చూడడంలోని పనితనానికి ఇంతకన్నా మంచి నమూనా నేను చూడలేదు.

వైట్ ఆర్కిటెక్టు కాడు, ఇంజనీరూ కాడు. 1917లో పెన్సిల్వేనియాలో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో మెరైన్ దళంతో పసిఫిక్ సముద్రంలోని గ్వాడల్‌కెనాల్ దీవికి వెళ్లాడు. తిరిగొచ్చి ‘ఫార్చ్యూన్’ పత్రికలో చేరాడు. పెద్ద కంపెనీల్లో ఉద్యోగి తన సొంత బుద్ధిని ఎలా వదులుకుంటాడో చెప్పిన ‘ది ఆర్గనైజేషన్ మ్యాన్’ (1956) ఆయనకు దేశమంతటా పేరు తెచ్చింది. నగరం మీదికి దృష్టి మళ్లేసరికి ఆయన చేతిలో ఉన్నది విలేఖరి విద్య ఒక్కటే. చోటికి వెళ్లాలి, నిలబడి చూడాలి, చూసింది రాయాలి.

ఆయన పనికి ఊతమిచ్చింది ఒక చట్టం. 1961లో న్యూయార్క్ భవన నిర్మాణ నియమాలను మార్చింది. బిల్డరు తన స్థలంలో కొంత భాగాన్ని జనం కోసం ప్లాజాగా వదిలితే, వదిలిన ప్రతి చదరపు అడుగుకూ 10 చదరపు అడుగులు అదనంగా కట్టుకోవచ్చన్నది. ఇంత లాభసాటి బేరం ఎవరు కాదంటారు? 1972 నాటికి మాన్‌హట్టన్‌లో ఇలా దాదాపు 20 ఎకరాలు పోగుపడ్డాయి. గజం కొనాలంటే గుండె ఆగే చోట 20 ఎకరాల ఖాళీ జాగా! అందులో కొన్ని ప్లాజాలు మధ్యాహ్నం భోజనాల వేళ కిటకిటలాడేవి. మిగతావి చాలావరకు జనం దాటిపోవడానికి తప్ప ఎందుకూ పనికిరాకుండా పడి ఉండేవి.

అంతకుముందు 1969 నాటి నగర ప్రణాళిక రచనలో సాయం చేస్తున్నప్పుడే వైట్‌కు ఒక సంగతి తట్టింది. నియమాలు రాసే విభాగం ఉంది, నక్షాలు ఆమోదించే విభాగం ఉంది. కట్టిన తర్వాత అది పనికొచ్చిందో లేదో వెళ్లి చూసే విభాగం మాత్రం లేదు. ఆ లోటు తీర్చడానికి 1970 ప్రాంతంలో ‘స్ట్రీట్ లైఫ్ ప్రాజెక్ట్’ మొదలుపెట్టాడు. దానికి డబ్బిచ్చినవాళ్లలో నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ ఒకటి. దూరదేశాల సాహసయాత్రలకు ఇచ్చే గ్రాంటును ఊళ్లోనే ఉండి ఆఫీసు గుమాస్తాలను గమనించడానికి సంపాదించుకోవడంలో వైట్ చమత్కారమంతా ఉంది.

పని తీరు చూడండి. ఎదుటి భవనం పైన ఒక సూపర్-8 కెమెరా. అది కొన్ని క్షణాలకోసారి ఒక్కో ఫ్రేము తీస్తూ పోతుంది. కింద కుర్ర పరిశోధకులు ప్లాజా పటం పట్టుకుని తిరుగుతూ, కూర్చున్న ప్రతి మనిషినీ దాని మీద గుర్తిస్తారు. ఆడవాళ్లకొక గుర్తు, మగవాళ్లకొక గుర్తు, ఒంటరిగా వచ్చారా తోడుతో వచ్చారా అన్నదానికి ఇంకొకటి. చేయి తిరిగాక ప్లాజా మొత్తం నమోదు చేయడానికి కొద్ది నిమిషాలు చాలేవి. వాళ్లు 16 ప్లాజాలు, 3 చిన్న పార్కులు ఇలా చూశారు. పరికరాలు ఇంత మామూలువి. అసలు శ్రమంతా తీసిన రీళ్లను మళ్లీ మళ్లీ చూడడంలో ఉంది. ఎవరు ఎక్కడ ఆగారు, ఎంతసేపు కూర్చున్నారు, లేచాక ఆ చోటు ఎవరు తీసుకున్నారు అని గంటల తరబడి చూసి రాసుకోవడంలో ఉంది.

జనాన్ని అడిగేస్తే పోయేది కదా అనిపిస్తుంది. అడిగితే ఏం చెబుతారో వైట్‌కు తెలుసు. రద్దీకి దూరంగా, కాస్త ప్రశాంతంగా ఉండే చోటు కావాలంటారు. కాళ్లు మాత్రం జనం ఉన్న వైపే నడుస్తాయి. ఫిఫ్త్ అవెన్యూలో ఒక రద్దీ మూల మీద కెమెరా పెట్టి, రెండు నిమిషాలు దాటిన ముచ్చట్లన్నీ ఎక్కడ జరిగాయో పటం మీద గుర్తించాడు. ఎదురుపడిన స్నేహితులు గోడవారకు తప్పుకుని మాట్లాడుకుంటారని ఆయన కూడా అనుకున్నాడు. తీరా చూస్తే వాళ్లు ఎక్కువమంది నడిచే దారికి అడ్డంగా, జనప్రవాహం మధ్యలోనే నిలబడి మాట్లాడుకున్నారు. వెళ్లొస్తానని చెప్పి మరో పది నిమిషాలు నిలబడ్డవాళ్లూ అక్కడే. మనిషి నోటి మాటకూ నడకకూ మధ్య ఉన్న ఈ తేడాను పట్టుకోవడమే వైట్ పద్ధతికి పునాది.

ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆయన తన ఊహలను ఒక్కొక్కటే పరీక్షించి పక్కనపెట్టే తీరు. కొన్ని ప్లాజాలు నిండడానికీ కొన్ని బోసిపోవడానికీ కారణం ఏమిటి? మొదటి అనుమానం ఎండ మీద. చలి పూర్తిగా వదలని మే నెల మొదట్లో తీసిన ఫిల్ములో జనం ఎండ పడే చోటునే వెతుక్కుంటూ జరిగారు. సిద్ధాంతం కుదిరిపోయిందనిపించింది. జూన్ వచ్చి గాలి వెచ్చబడగానే ఎండకూ కూర్చోవడానికీ లంకె తెగిపోయింది. రెండో అనుమానం ఆకారం మీద. సన్నగా పొడుగ్గా ఉన్న ప్లాజాలు పనికిరావని ప్రణాళికా వర్గాల్లో కొందరి నమ్మకం. లెక్క తీస్తే బాగా నిండే వాటిలో సన్నటివీ ఉన్నాయి, బోసిపోయిన వాటిలో చక్కటి చతురస్రాలూ ఉన్నాయి. మూడోది విస్తీర్ణం. పెద్ద జాగా ఎక్కువమందిని పిలవాలి కదా? పిలవలేదు. 42 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవుతో మన లెక్కలో 470 గజాలైనా లేని మాన్‌హట్టన్ పేలీ పార్క్, 1967లో తెరిచింది మొదలు కిక్కిరిసే ఉంది.

చివరికి మిగిలిన జవాబు, కూర్చునే వీలున్న చోట జనం కూర్చుంటారన్నది. ఇది చెప్పి వైట్ తానే నవ్వుతాడు, ఇంతటి మహా సత్యానికి ఇన్నాళ్లు పట్టిందా అని. ఇక్కడే ఆయన పనితనం విలువ తెలుస్తుంది. ఈ మాట మొదటి రోజున చెప్పి ఉంటే బిల్డర్లు తల ఊపి మర్చిపోయేవారు. ఎండా ఆకారమూ విస్తీర్ణమూ ఒక్కొక్కటే వీగిపోయాక చెప్పిన మాట కాబట్టి కొట్టిపారేయడానికి ఎవరికీ వీలు చిక్కలేదు.

కూర్చోవడం అనే మామూలు పనిని ఆయన ఎంత లోతుగా చూశాడో ఒక పటం చెబుతుంది. ఆర్కిటెక్టు మీస్ వాన్ డెర్ రో న్యూయార్క్‌లో రూపకల్పన చేసిన సీగ్రమ్ భవనం 1958లో పూర్తయింది. దాని ముందు ప్లాజాకు రెండు పక్కలా అరుగులున్నాయి. జనం వాటి మీద కూర్చోవాలని కట్టినవాళ్లు ప్రత్యేకంగా అనుకోలేదు, అయినా జనం కూర్చున్నారు. అందులో ఒక అరుగు మీద ఒక రోజంతా ఎవరు ఎప్పుడు కూర్చుని ఎప్పుడు లేచారో వైట్ గీతలుగా గీయించాడు. ఒక్కో మనిషికి ఒక్కో గీత. పొట్టి గీతలు, పొడుగు గీతలు, పక్కపక్కనే నడిచే జంట గీతలు. మధ్యాహ్నపు రద్దీలో మనుషులు మారిపోతూనే ఉన్నారు, మొత్తం సంఖ్య మాత్రం 18కీ 21కీ మధ్య నిలకడగా ఉంది. ఇంకా కూర్చునే జాగా ఉంది, అయినా కొత్తవాళ్లు ఇరికి కూర్చోలేదు. ఒక చోటికి ఎంతమంది అయితే బాగుంటుందో జనం ఎవరూ చెప్పకుండానే తేల్చుకుంటున్నారు. ఇలాంటి చోట్లకు జనం ఎగబడిపోతారేమోనన్న అధికారుల భయానికి ఆ గీతలే సమాధానం.

ఆ చూపు అక్కడి నుంచి కొలతల్లోకి దిగింది. అరుగు ఎత్తు 1 అడుగు నుంచి 3 అడుగుల దాకా ఉంటే జనం సర్దుకుంటారు. లోతు 30 అంగుళాలుంటే రెండు వైపుల నుంచీ ఇద్దరు వీపులు ఆనించుకుని కూర్చోవచ్చు. ప్లాజా రోడ్డుకు మరీ ఎత్తుగానో మరీ లోతుగానో ఉంటే కాళ్లు అటు తిరగవు. ఈ గమనికలు 1975లో నగర నియమాల్లోకి ఎక్కాయి. అప్పటి ఆ నియమాల ప్రకారం ప్లాజాలో ప్రతి 30 చదరపు అడుగులకూ 1 అడుగు పొడవున కూర్చునే చోటు ఉండాలి. ప్లాజా నేల కాలిబాటకు 3 అడుగులు మించి ఎత్తులోగానీ లోతులోగానీ ఉండరాదు. వికలాంగులు లోపలికి రాగలగాలి. ‘ఆహ్లాదకరమైన వాతావరణం కల్పించవలెను’ అని రాస్తే ఏ వకీలైనా దానికి తన అర్థం చెప్పుకుంటాడు. అడుగుల్లో, అంగుళాల్లో రాసినదాన్ని ఎవరైనా టేపు పట్టి అడగవచ్చు. పరిశోధనను జనం చేతికి అందే హక్కుగా మార్చడం చాలామంది పండితులకు చేతకాని పని.

కదిలే కుర్చీల గురించి రాసిన పేజీలు ఈ పుస్తకంలో మరీ ముచ్చటగా ఉంటాయి. మనిషి కుర్చీ దగ్గరికి వస్తాడు, దాన్ని కాస్త ఇటు జరుపుతాడు, మళ్లీ అటు జరుపుతాడు, ఒక్కోసారి అది మొదట ఉన్న చోటికే చేరుతుంది. అప్పుడు కూర్చుంటాడు. వైట్ దాన్ని తెలివితక్కువ పని అనుకోలేదు. నా చోటు నేనే ఎంచుకున్నానని ఆ మనిషి తనకు తాను చెప్పుకుంటున్నాడని అర్థం చేసుకున్నాడు. పక్కవాడికి కొంచెం దూరం జరగడం కూడా ఒక మర్యాదే. నేలకు బిగించిన కుర్చీ ఆ మర్యాదకు చోటివ్వదు.

అందరికీ చోటున్న నగరం గురించి ఆయన చెప్పినవాటిలో రెండు సంగతులు నేటికీ పదునుగానే ఉన్నాయి. ఒకటి, ఆడవాళ్ల లెక్క. న్యూయార్క్ ప్లాజాల్లో సగటున నూటికి 60 మంది మగవాళ్లు, 40 మంది ఆడవాళ్లు కనిపించారు. బాగా నడిచే ప్లాజాల్లో ఆడవాళ్ల వంతు ఈ సగటుకన్నా ఎక్కువ. ఆడవాళ్లు చోటును ఎంచి చూసుకుంటారు కాబట్టి, వాళ్లు బాగా తక్కువగా ఉన్నారంటే ఆ చోటులో ఏదో లోపం ఉందని వైట్ తేల్చాడు. రెండోది, ‘పనికిమాలినవాళ్లు’ చేరతారన్న భయం. తాగుబోతులూ ఇల్లులేనివాళ్లూ వచ్చి కూర్చుంటారని భవన యజమానులు అరుగుల మీద ఇనుప ముళ్లు, చువ్వలు దించేవారు. వైట్ వాటన్నిటినీ ఫిల్ము తీశాడు. దుకాణం మెట్ల మీద చువ్వలు దించడం మన బజార్లకూ తెలిసిన విద్యే. ఆ ముళ్లు తాగుబోతుకన్నా ముందు కాసేపు నడుం వాల్చబోయిన ముసలమ్మకు గుచ్చుకుంటాయి. చోటును అందరికీ నచ్చేలా చేయండి, భయం దానంతటదే తగ్గుతుందన్నది ఆయన సలహా. మాన్‌హట్టన్‌లోని బ్రయంట్ పార్క్ ఆ సలహాకు పరీక్ష అయింది. వీధి మట్టానికి ఎత్తుగా, పొదల చాటున ఉన్న ఆ పార్కు మత్తుమందుల బేరానికి అడ్డాగా మారింది. పొదలు తీసేసి, దారులు వెడల్పు చేసి, లోపల ఏం జరుగుతోందో వీధికి కనిపించేలా తెరవమన్నాడు వైట్. 1992లో మళ్లీ తెరిచినప్పుడు అక్కడ కదిలే కుర్చీలు వేశారు. ఈ రోజు ఆ నగరంలో ఎప్పుడూ జనం ఉండే చోట్లలో అదొకటి.

ఇంత మెచ్చుకున్నాక ఈ పద్ధతికున్న హద్దు కూడా చెప్పుకోవాలి. కెమెరా వచ్చినవాళ్లనే చూస్తుంది. మెట్లను చూసి వెనుదిరిగిన చక్రాల కుర్చీ మనిషి, బాత్రూము లేదని బయలుదేరని పెద్దాయన, చీకటి పడ్డాక ఆ దారి మానేసిన అమ్మాయి ఫిల్ములో ఉండరు. పైగా వైట్ చూసింది ఎక్కువగా నగరం నడిబొడ్డున ఆఫీసుల జనాన్ని, భోజనాల వేళలో. ఆడవాళ్ల లెక్కలో ఆయన లేనివాళ్ల జాడను కూడా పట్టాడు గానీ, చివరంటా వెంబడించలేదు. ఆ పని తర్వాత వియన్నాలో జరిగింది. తొమ్మిదేళ్లు దాటిన ఆడపిల్లలు పార్కులకు రావడం తగ్గిపోతోందని 1990ల నడుమ అక్కడి నగర పరిశోధకులు గమనించారు. పెద్ద మైదానాన్ని మగపిల్లలు ఆక్రమిస్తే ఆడపిల్లలు పోట్లాడకుండా ఇంటిదారి పడుతున్నారు. 1999లో రెండు పార్కులను మార్చి చూశారు. మైదానాన్ని చిన్న చిన్న భాగాలు చేశారు, దారులు పెంచారు, వాలీబాల్, బ్యాడ్మింటన్ ఆడుకునే చోట్లు కల్పించారు. ఆడపిల్లలు తిరిగొచ్చారు. ఎవరినీ బయటికి పంపకుండానే ఇంకొకరికి చోటు దొరికింది. ఈ పనిని ముందుండి నడిపిన ప్రణాళికా నిపుణురాలు ఎవా కైల్. వైట్ వచ్చినవాళ్లను చదివాడు, వియన్నా రానివాళ్లను చదివింది. ఈ రెండు చదువులూ కలిస్తేనే పాఠం పూర్తవుతుంది.

వైట్ 1999లో చనిపోయాడు. ఆయన రాసిన నియమాలు న్యూయార్క్‌వి, ఆ కొలతలు అక్కడి వాతావరణానికీ అక్కడి అలవాట్లకూ సరిపోయేవి. వడదెబ్బ తగిలే మన ఊళ్లలో ఎండ లెక్క తలకిందులవుతుంది, నీడ లెక్క కొత్తగా తీయాలి. అందుకే ఆయన జవాబులను దిగుమతి చేసుకుంటే లాభం లేదు. తెచ్చుకోవాల్సింది ఆ ఓపిక. కొత్త పార్కుకో బస్ షెల్టర్‌కో రిబ్బను కత్తిరించిన ఆరు నెలలకు ఎవరైనా ఒక కాగితం పట్టుకుని అక్కడికి వెళ్లాలి. ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడే ఉన్నారు, ఎవరు అసలే రాలేదు అని రాసుకుని రావాలి. దానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. తాము కట్టింది తప్పని తేలినా వినడానికి సిద్ధపడే అధికారులు మాత్రం కావాలి.