ఎనిమిది ఉలుల పెట్టె

కొయ్యను తరిమెన పట్టే పని పిల్లలకు నేర్పదలచిన పాఠశాలలు మొదట లేత్‌ను కొంటాయి. ఆ వెంటనే ఎనిమిది ఉలులున్న పెట్టెను కొంటాయి. లేత్ కొనేముందు పదిమందిని విచారించినవారు కూడ ఉలుల దగ్గరకు వచ్చేసరికి పెట్టెమీది బొమ్మ చూచి తృప్తిపడతారు. ఒక గ్రంథాన్ని పరీక్షించినట్లే ఈ పెట్టెను కూడ తెరచి పరీక్షించవలసిన అవసరం ఉన్నది.

ఆ మధ్య ఒక ఉన్నత పాఠశాల పనిగదిలో అటువంటి పెట్టెను చూచాను. ఎనిమిదింటిలో ఏడు ఉలులు కొన్ననాటి నూనెతోనే మెరుస్తున్నాయి. గీకుడు ఉలి ఒక్కటి మాత్రం అరిగి ఉన్నది. పిల్లలు బల్లకాలును ఆసాంతం దానితోనే తీరుస్తున్నారు. లేత్ కింద రాలుతున్నది పొర కాదు, పొడి. కాలు మీద నార లేచి నూగులాగా నిలబడగా, దాన్ని అణచడానికి అరగంటసేపు గరుకు కాగితం రుద్దుతున్నారు. కారణ మడిగితే, “గీకుడు ఉలి నెమ్మదిగా ఉంటుందండీ, తక్కినవి కొయ్యలో పట్టుకొని ఎగిరిపడతాయి” అన్నారు ఉపాధ్యాయులు. ఆయన భయం నిరాధారమైనది కాదు. అయితే తప్పు ఉలిది కాదు.

బల్లకాలు వంటి పనిలో కొయ్యనార ఇరుసుకు సమాంతరంగా పోతుంది. ఏటవాలు ఉలిని రెండువైపులా సానపట్టి, 25 నుండి 30 డిగ్రీల పలుచని వాదర తీస్తారు. దాని వాలును తిరిగే కొయ్యమీద ఆనించి, వాదరను ఓరగా నడిపితే నార తెగి, చిత్రికలో నుండి వచ్చినట్లు పొర చుట్టలు చుట్టుకొని వస్తుంది. గీకుడు ఉలి వాదర కోణం 70, 80 డిగ్రీలు. అది నారను కోయదు. ఎదురుగా నిలబడి గోకుతుంది. మెత్తని కొయ్య అయితే నార తెగడానికి ముందే పీకుకొని వస్తుంది. ఏటవాలు ఉలి ఎగిరిపడేది వాలు ఆనకముందే వాదర తగిలినప్పుడు, లేదా పైమూల కొయ్యలో దిగినప్పుడు. వాదరలో నడిమికి కాస్త దిగువ భాగంతోనే కోయడం అలవాటైతే ఈ చిక్కు చాలవరకు తీరుతుంది. దీన్ని నేర్పడానికి రెండు మూడు పూటలు పడుతుంది. ఆ శ్రమ తప్పించుకోవడానికే గీకుడు ఉలిని ఆశ్రయిస్తున్నాము.

మరి గీకుడు ఉలులు పెట్టెలోకి ఎట్లా వచ్చాయి? లండనులో లేత్‌లు తయారుచేసిన హోల్ట్‌జాఫెల్ కుటుంబంవారు 1843లో మొదలుపెట్టి ఐదు సంపుటాల పెద్ద గ్రంథం వెలువరించారు. మెత్తని కొయ్యకు కోసే ఉలులు, ఎబొనీ వంటి దట్టమైన కొయ్యకు, దంతానికి గీకే ఉలులు అన్న పాత విభజన అందులో స్పష్టంగా ఉన్నది. దంతం వంటి పదార్థాన్ని గీకితే అద్దంలా వస్తుంది కనుక అది సబబే. 1957లో ఫ్రాంక్ పెయిన్ అనే ఆంగ్ల పనివాడు తన పుస్తకంలో కొయ్యను గీకవద్దు, కోయండి అని గట్టిగా వాదించాడు. పెయిన్ పక్షమే పాఠశాలకు తగినదని నా అభిప్రాయం. నేటి పెట్టె ఈ రెండు సంప్రదాయాలను ఒకచోట చేర్చింది గాని, ఏది దేనికో చెప్పే చిన్న కాగితమైనా జతచేయలేదు.

ఈ మౌనం ఒకచోట ప్రమాదానికి దారితీస్తుంది. పెట్టెలో అన్నిటికంటె వెడల్పయిన గుంట ఉలి నలుచదరపు కొయ్యను గుండ్రం చేయడానికి ఉద్దేశించినది. పెద్దది గదా అని పిల్లలు దానితో గిన్నె తొలవబోతారు. గిన్నెకొయ్యలో నార అడ్డంగా ఉంటుంది. ప్రతి చుట్టులోను రెండుసార్లు నార కొనలు ఉలికి ఎదురవుతాయి. పైగా 5 సెంటీమీటర్ల కడ్డీ నిమిషానికి 1500 చుట్లు తిరిగితే దాని అంచు వేగం సెకనుకు సుమారు 4 మీటర్లు. అదే చుట్లతో 30 సెంటీమీటర్ల గిన్నె అంచు 24 మీటర్ల వేగంతో వస్తుంది. ఇక తులాసూత్రం చూడండి. ఆనికకు 30 సెంటీమీటర్లు వెనుక చేయి ఉన్నదనుకోండి. ఉలి కొన 3 సెంటీమీటర్లు ముందుకుంటే, కొనమీది బలంలో పదోవంతు చేతితో ఆపితే చాలు. 10 సెంటీమీటర్లు ముందుకు పోతే మూడోవంతు ఆపవలె. ఆ వెడల్పు ఉలికి పిడిలో దిగే తోక సన్నగా ఉంటుంది. అది అక్కడే విరుగుతుంది. గిన్నెలకు వేరే గుంట ఉలి ఉన్నది. దాన్ని గుండ్రని కడ్డీనుండి తొలుస్తారు, తోక సన్నబడదు. పాఠశాల పెట్టెలలో అది తరచు కనపడదు!

ఉక్కు సంగతి అమ్మేవారు ఎక్కువగా చెబుతారు. సాధారణపు కార్బన్ ఉక్కు సానచక్రం మీద వేడెక్కి నీలిరంగు తిరిగితే, అంటే సుమారు 300 డిగ్రీలకే, గట్టిదనం పోగొట్టుకొంటుంది. హైస్పీడు ఉక్కు 500 డిగ్రీలు దాటినా నిలుస్తుంది. పిల్లలు సానపట్టేచోట రెండవదే మేలు. ఇటీవల వచ్చిన కార్బైడు బిళ్ళల ఉలులకు సానే అక్కరలేదు. మొద్దుబారిన ఉలికంటె అవి నయమని ఒప్పుకొంటాను. కాని వాటిలో చాలావరకు గీకేవే. వాటితో పని ముగుస్తుంది, విద్య మొదలుకాదు.

మనవైపు దీనికి మంచి ఉదాహరణ అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక. (కొండపల్లి బొమ్మలతో పొరబడవద్దు, వాటిని చేతితో చెక్కుతారు.) 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ లక్కబొమ్మలకు వాడేది అంకుడు కర్ర. అది మెత్తనిది, సన్నని నార గలది. కోసే ఉలికి చక్కగా లొంగుతుంది. బొమ్మ తిరుగుతుండగా రంగులక్క కడ్డీని అదిమిపెడితే రాపిడి వేడికి లక్క కరిగి పలుచగా పరచుకొంటుంది. కింద నార చిట్లి ఉంటే ఆ పూతకు నునుపు ఎక్కడినుండి వస్తుంది?

పాఠశాలకు నేను రాసియిచ్చే జాబితా చిన్నది: గుండ్రం చేసే వెడల్పు ఉలి, సన్నని గుంట ఉలి, ఏటవాలు ఉలి, 3 మిల్లీమీటర్ల కోత ఉలి. గిన్నెలు చేసే ఉద్దేశముంటే వాటి గుంట ఉలి, గుండ్రని కొన గల గీకుడు ఉలి ఒక్కటి. వీటన్నిటికంటె ముందు సానచక్రం, వాలు కోణాన్ని నిలిపే ఆనిక.

ఆనాడు ఆ పనిగదిలో ఏటవాలు ఉలికి నూనె తుడిచి, సానపట్టి, సగం గీకిన బల్లకాలు మీదనే పెట్టి చూపాము. మొదటి పొర రాగానే ఒక పిల్లవాడు దాన్ని వేలికి చుట్టుకొన్నాడు. మరుసటి సంవత్సరపు కొనుగోలు పట్టికలో ఆ ఉపాధ్యాయులు ఉలులేవీ రాయలేదు. సానచక్రం ఒక్కటే రాశారు.