నాటకశాల మెట్లు

నాటకమును గూర్చి వ్రాయువారు కవిని విమర్శింతురు, నటుని విమర్శింతురు, పద్యమును రాగము తీసి చంపినవానిని గూడ విడిచిపెట్టరు. వీరందఱును పనిచేయు ఇంటిని మాత్రము విమర్శించువారు మిక్కిలి యరుదు. నల్లగొండలో గాని పాలమూరులో గాని క్రొత్త నాటకశాల యొకటి లేచినపుడు, ప్రారంభోత్సవమునకు విచ్చేసిన పెద్దలు ముఖద్వారపు స్తంభములను, తెరకు కుట్టిన జరీ కుచ్చులను మెచ్చుకొని వెడలిపోవుదురు. వెనుక వరుసల కెక్కు మెట్లు ఎంత వెడల్పు, తలుపులు లోపలికి తెఱచుకొనునా వెలుపలికి తెఱచుకొనునా యని అడిగినవారిని మేమింతవఱకు చూడలేదు. మన నాటకశాలల రూపము విక్టోరియా రాణి పాలించిన కాలమున (1837–1901) ఇంగ్లండులో స్థిరపడినది గావున, ఆ రూపమును కల్పించినవారి యుద్దేశము లెట్టివో ముందుగా తెలిసికొనుట యుక్తము.

ఆ కాలమున నాటకశాలలు కట్టిన శిల్పులలో చార్లెసు జాన్ ఫిప్సు (1835–1897) ప్రముఖుడు. అతని పనిలో మూడు కట్టడములను చూచిన చాలును. 1880లో లండను నగరమందలి హేమార్కెట్ నాటకశాలను బాంక్రాఫ్టు దంపతులు తీసికొని, అతనిచేత లోపలి భాగము నంతయు మార్పించిరి. రంగస్థలమునకు నాలుగు వైపులను, అడుగున గూడ, బంగారుపూత చట్రమును బిగించిరి. గోడకు వ్రేలాడదీసిన పటమువలె నాటకము చట్రములో నమరి కనబడవలెనని వారి కోరిక. పూర్వపు నటుడు ప్రేక్షకుల లోనికి చొచ్చుకొని వచ్చిన వేదికపై నిలిచి వారితో ముఖాముఖిగా మాటలాడుచున్నట్లే అభినయించెడివాడు. ఇక నాతడు పటములోని బొమ్మ యయ్యెను. ఆ మార్పుతోడనే మఱియొక మార్పు జరిగినది. రంగస్థలమునకు దగ్గఱగా, చౌకధరకు, బల్లలపై కూర్చుండెడి సామాన్యజనులను అచ్చటినుండి లేపి, ఆ చోట ధనికులకు మెత్తని కుర్చీలు వేసి, వారిని పై యంతస్తునకు పంపిరి. ప్రారంభపు రాత్రి ఆ జనులు చేసిన గోలవలన నాటకము కొంతసేపు మొదలు కాలేదు. వారి కోపము న్యాయమైనదే యని మా యభిప్రాయము. తక్కువ రొక్క మిచ్చినవాడు దూరమున నుండవలె నను నియమమునకును కళకును సంబంధ మేమి?

మఱుసటి యేడు, 1881లో, డాయిలీ కార్టు అను యజమాని కొఱకు ఫిప్సు లండనులోనే సవాయి నాటకశాలను కట్టెను. పూర్తిగా విద్యుద్దీపములతో వెలిగిన మొదటి ప్రజాభవనము లోకమున నదియే యందురు. దీపములు సుమారు 1,200. గ్యాసు దీపముల వేడికిని, పొగకును, భయమునకును ఒక్కసారిగా సెలవు దొరకినది. వెలుగుచున్న గాజుబుడ్డి నొకదానిని పలుచని బట్టలో చుట్టి, కార్టు దానిని రంగస్థలముపై అందఱి యెదుట పగులగొట్టి, బట్ట అంటుకొనలేదని చూపెను. ఇది గారడి గాదు. ప్రజలకు చెప్పిన మంచి పాఠము.

ఇంత మేలెఱిగిన శిల్పియే ఎక్సెటరు పట్టణమునకు 1886లో గ్యాసు దీపముల నాటకశాలను కట్టియిచ్చెను. 1887 సెప్టెంబరు 5వ తేదీ రాత్రి, నాటకము జరుగుచుండగనే రంగస్థలముపై నిప్పంటుకొని 186 మంది మరణించిరి. వారిలో నెక్కువమంది పైనున్న గ్యాలరీలో చౌక టిక్కెట్టు కొన్నవారు. వారు దిగుటకు అక్కఱకు వచ్చిన దారి యొక్కటే; ఆ యొక్కదాని మలుపులోనే ఒకరిపై నొకరు పడిరి. ఆ కాలపు నాటకశాలలలో ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క ద్వారము, ఒక్కొక్క మెట్లవరుస. గ్యాలరీవారి ద్వారము తఱచుగా ప్రక్క సందులో నుండెడిది. కుర్చీలవారి పట్టువస్త్రము గ్యాలరీవాని చొక్కాకు తగులకుండుటకై యెంతో నేర్పుతో గీసిన పటము లవి. అంత నేర్పును అపాయమున దిగిపోవు దారిపై పెట్టలేదు. రంగస్థలమునకు అడ్డముగా దింపు ఇనుప తెర, ప్రతి యంతస్తునకు రెండేసి దారులు మొదలైన నియమములు ఇంగ్లండులో గట్టిపడినది ఈ చావుల తరువాతనే.

మన దేశమునకు ఈ భవన మేరీతిని వచ్చినది? ఇల్లు రాలేదు, చట్రము మాత్రము వచ్చినది. పారసీ కంపెనీలవారును, 1880 ప్రాంతమున తెనుగుసీమకు వచ్చిన ధార్వాడ నాటకసంఘమువారును రంగులు వేసిన తెరలను, ప్రక్క తెరలను చూపి మనవారిని మోహపెట్టిరి. 1885లో కడపజిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావుగారు స్థాపించిన సంఘము ఆ చట్రమును బండ్లపై నెక్కించి ఊరూర త్రిప్పినది. వెదురుగడలు, పందిరిగుడ్డలు, రేకులు కలిసిన చోటెల్ల నొక నాటకశాల. ఆట ముగిసిన పిమ్మట మరల బయలు. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి బళ్లారి సంఘమునకు 1891లో చెన్నపురి విక్టోరియా పబ్లిక్ హాలువంటి పక్కా భవనము దొరకినది గాని, మన తెనుగునటుల కట్టి భాగ్యము పలుచోట్ల లేకపోయెను.

సురభివారిని మేము తక్కువ చేయజాలము. మగవారు చీరలు కట్టి ద్రౌపదులై యూరేగుచున్న కాలముననే వారి కుటుంబముల స్త్రీలు స్త్రీపాత్రలను ధరించిరి. సభలలో స్త్రీవిద్యనుగూర్చి తీర్మానములు చదివిన మన పెద్దలలో ఎందఱు తమ కోడండ్రను రంగస్థల మెక్కనిచ్చిరి? మాయాబజారులో వారు చూపు తీగల పనులును, క్షణములో మారు రాజవీథులును నేటికిని పిల్లల నోళ్లు తెఱపించును. అయినను ఆ తెరలయందొక దోషమున్నది, అది వారి దోషము గాదు, చట్రముది. దూరమున సన్నగిల్లిపోవు వీథిని తెరపై వ్రాయవలెనన్న చిత్రకారుడు ఒక్క కంటిని ఊహించుకొని వ్రాయవలెను. ఆ కన్ను నడిమి కుర్చీలో కూర్చున్నవానిది. ప్రక్కల కూర్చున్నవారికి స్తంభము లొరగును, వీథి వంకరపోవును, ప్రక్క తెర వెనుక బీడీ కాల్చుకొను హనుమంతుడు కనబడును. ఆ నడిమి కుర్చీలో జమీందారో తహశీలుదారో కూర్చుండెడివాడని చదువరులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

కావున చట్రమును విఱిచి మన పూర్వపద్ధతికి మరలుదమని కొందఱు మిత్రులు మాతో వాదించుచున్నారు. వారు పిల్లలమఱ్ఱిని చూపుదురు. నేడు సూర్యాపేట జిల్లాలో చేరిన ఆ యూరిలో రేచర్ల బేతిరెడ్డి భార్య ఎఱకసానమ్మ 1208లో కట్టించిన గుడి యున్నది. కాకతీయుల నాటి గుడులలో రంగమండపము నడుమ నుండును. చూచువారు చుట్టు నుండవచ్చును. ఏ యొక్క కంటికిని ప్రత్యేకాధికారము లేదు. మాటవఱకు బాగుగనే యున్నది. కాని గడప దాటి ఆ మండపములోనికి రానిచ్చిన దెవరిని? ఇదే ప్రాంతపు పల్లెలలో చిందు యక్షగానము వీథిలోనే యాడెడివారు. ఇద్దఱు చేతులతో పట్టుకొన్న గుడ్డయే తెర. ఆడువారు దళితులు, వారి స్త్రీలును వేషము కట్టెడివారు. చట్రము లేదు, మెట్లు లేవు, టిక్కెట్టు లేదు. అయినను గడీ ముందర ఆట జరిగినపుడు దొర కుర్చీ యెక్కడ, కరణము మంచ మెక్కడ, మాలమాదిగ లెంత దూరమున నేలపై కూర్చుండవలెనో అందఱికిని తెలిసియే యుండెడిది. విక్టోరియా శిల్పి ఇటుకలతో కట్టిన దానిని మనము ఇటుక లేకయే కట్టుకొంటిమి. అట్టి జనుల చేతికి ఆ చట్రము వచ్చినపుడు, నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ యను మెట్లు సినిమా డేరాలలో గూడ నెంత సులభముగా నమరినవో ఆశ్చర్యపడ నక్కఱలేదు.

మాకు చట్రముపై పగ లేదు. కొన్ని నాటకములకు అది కావలెను; మాయాబజారు వీథిలో నిలువదు. మా విమర్శ యంతయు ఎదుటి భాగమునుగూర్చి. ఆ శిల్పులే తరువాతి కాలమున ఉక్కు దూలములు చేర్చి, అడ్డుస్తంభములు లేని అంతస్తులను కట్టి, వెనుకవానికిని రంగస్థలము కనబడునట్లు చేసిరి. ఆ విద్యను మనవారు తీసికొన్నది తక్కువ, బంగారుపూతను తీసికొన్నది ఎక్కువ.

గత సంవత్సరము దక్షిణ తెలంగాణమందలి యొక పట్టణమున క్రొత్తగా కట్టిన శాలలో నాటకము చూడబోయి, వెనుక వరుసలో కూర్చుంటిమి. ముందు రెండు వరుసలలో సోఫాలు వేసి, వానిపై అతిథుల పేళ్లు అంటించిరి. అతిథులు రానందున అవి తుదివఱకు ఖాళీగనే యుండెను. మా ప్రక్కనున్న పాఠశాల బాలికలు లేచి నిలువబడి చూచుచుండిరి. నాయిక ముఖము మాకు కనబడలేదు గాని కంఠము వినబడినది. మా వెనుక తలుపు రెండింటిలో నొకదానికి గొలుసు చుట్టి తాళము వేసియుండెను. విరామ సమయమున తాళపుచెవి యెవరియొద్ద నున్నదని అడిగితిమి. గుమాస్తా యొద్ద నున్నదనియు, ఆయన భోజనమునకు ఇంటికి వెళ్లెననియు చెప్పిరి.